విల్లుతో వేట: తొలి రోజులలో మీరు ఎలా నేర్చుకున్నారు?

కొత్త_బాణం
గత వేసవిలో ఒక కాంపౌండ్ విల్లు, అంటే కొసలకు చక్రాలుండే విల్లు, కొన్నాను. దుకాణంలోని కుర్రవాడు నా చేతుల చాపు కొలిచి, లాగే బరువును 60 పౌండ్లకు సర్ది, కాగితం గుండా కొన్ని బాణాలు వేయించి, కాగితం ఎటు చిరుగుతున్నదో చూసి, గంటలో విల్లును నాకు అప్పగించాడు. ఎన్నాళ్ళో పట్టలేదు, 30 గజాల దూరాన బాణాలన్నీ అరచేతి వెడల్పులో పడటం మొదలుపెట్టాయి. అయితే మా పట్టణంలో ఎనభైల నుంచి విల్లుతో వేటాడుతున్న తెలుగు పెద్దలు ఇద్దరు నా విల్లును అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది గానీ నీకింకా వేట మొదలు కాలేదు" అని నవ్వి ఊరుకున్నారు. ఏమిటి మొదలు కానిది అని అడిగితే చెప్పలేదు. పాత రోజులలో మీరందరూ చేసి, ఇప్పుడు మేము చేయనిది ఏమిటి? 1990కి ముందు మొదలుపెట్టినవారు వివరంగా వ్రాయగలరు. పాతదంతా గొప్ప, కొత్తదంతా చెత్త అనే వాదన మాత్రం వద్దని మనవి.

మిషిగన్_మావయ్య
1965 నాటి వలస చట్టం తరువాత గుంటూరు, విశాఖపట్నం, కాకినాడ వైద్య కళాశాలల నుంచి అమెరికా చేరినవారిలో చాలామంది చిన్న ఊళ్ళ ఆసుపత్రులలో కుదురుకున్నారు. నేను 1976లో మిషిగన్ ఉత్తర ప్రాంతానికి అలా వచ్చినవాడినే. నవంబరు 15న అక్కడ తుపాకీతో జింకల వేట మొదలవుతుంది. ఆ రోజున వాయిదా వేయదగిన ఆపరేషన్ ఏదైనా ఉంటే రోగి స్వయంగా వచ్చి వాయిదా వేయించుకునేవాడు. అక్టోబరు 1 నుంచి నవంబరు 14 వరకు మాత్రం అడవి విల్లు పట్టినవారిది. మా ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో పనిచేసే పెద్దాయన ఒకరు, తుపాకీ మోత బొత్తిగా గిట్టని మనిషి, నన్ను తన పశువుల కొట్టానికి తీసుకువెళ్ళి చక్రాలు లేని, కొసలు ముందుకు వంగి ఉండే 45 పౌండ్ల రికర్వ్ విల్లు ఒకటి చేతికిచ్చారు.

గడ్డి మోపుకు మూడు గజాల దూరంలో నిలబెట్టి, కళ్ళు మూసుకుని బాణం వేయమన్నారు. గురి సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు వీపు కండరాలూ, నారిని వదిలే మూడు వేళ్ళూ తమ పని తాము నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి. చలికాలమంతా అదే సాధన. మంచు కరిగాక కళ్ళు తెరవనిచ్చారు. ఆ విల్లుకు గురి చూసే పిన్ను లేదు. బాణం మొన వైపు చూడకూడదు, జింకను మొత్తంగానూ చూడకూడదు, ముంగాలి వెనుక ఒక్క వెంట్రుకను ఎంచుకుని చూపును అక్కడే నిలపాలి. నారిని లాగినప్పుడు చూపుడువేలు ప్రతిసారీ నోటి మూలకే తగలాలి, అర అంగుళం తేడా వచ్చినా బాణం జానెడు దూరం తప్పుతుంది. 15 గజాలకు మించి వేయడానికి ఆయన నన్ను చాలాకాలం ఒప్పుకోలేదు. అంత దగ్గరగా జింక రావాలంటే అది ఏ దారిన నడుస్తుందో, గాలి ఎటు వీస్తుందో, ఏ చెట్టు కాయ ఎప్పుడు రాలుతుందో తెలియాలి. కొత్త_బాణం గారూ, మీ ఊరి పెద్దలు వేట అన్నది బహుశా ఆ భాగాన్నే.

నారిమోత
ఎక్స్‌రే విభాగం వారు కాబట్టి కళ్ళు మూసుకుంటే చాలని అనుకుని ఉంటారు.

పెన్సిల్వేనియా_పంతులు
మావయ్య గారికి దొరికిన గురువు నాకు దొరకలేదు. పాత రోజులు అనగానే అందరూ చెక్క విల్లును తలచుకుంటారు గానీ, నేను 1983లో మొదలుపెట్టినది కాంపౌండ్ విల్లుతోనే. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ ఆలెన్ దాని పేటెంట్ కోసం 1966లో దరఖాస్తు చేస్తే 1969లో మంజూరయింది. నేను వచ్చేనాటికి ప్రతి దుకాణంలోనూ వరుసగా వేలాడుతుండేవి. నేను కొన్నది ఒకరు వాడి వదిలేసిన విల్లు. దానికి ఉక్కు తీగలు, లాగినప్పుడు కిర్రుమనే చక్రాలు ఉండేవి. ఇప్పటి విల్లు పూర్తిగా లాగాక బరువులో 80 శాతం దాకా తగ్గిస్తుంది. నాది సగమే తగ్గించేది. అంటే 60 పౌండ్లు లాగి, 30 పౌండ్లు వేళ్ళ మీద మోస్తూ, చెట్టు చాటున ఆగిన జింక ఇంకొక్క అడుగు వేసేదాకా నిలబడాలి. జింకకు తొందర ఉండదు. మన మోచేయి ముందు వణుకుతుంది, తరువాత విల్లు వణుకుతుంది, ఆఖరికి మంచె కూడా వణుకుతున్నట్టు అనిపిస్తుంది.

ఇక బాణాలు. అల్యూమినియం గొట్టాల మీద 2117, 2018 అని అంకెలు ఉండేవి. ఏ విల్లుకు ఏ అంకె సరిపోతుందో చెప్పే పట్టికను దుకాణం గోడ మీద అంటించేవారు. ఈకలను నేనే వంటింటి బల్ల మీద పెట్టి జిగురుతో అతికించేవాడిని. ఒక్కొక్క ఈకను బిగింపులో పెట్టి, అది పట్టేదాకా ఆగి, గొట్టాన్ని మూడో వంతు తిప్పి, రెండవది అతికించాలి. ఆ జిగురు వాసన సాంబారులోకి కూడా వచ్చిందని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది. బాణం రాయికి తగిలి వంగితే బొటనవేలి గోరు మీద మొన ఆనించి గిర్రున తిప్పి చూడటం, వంపు తెలిస్తే చేత్తోనే సరిచేయడం, అదీ కాకపోతే పారేయడం. మొనల అంచులను ఆకురాయితో అరగదీసి, సానరాయి మీద నూరి, ముంజేతి వెంట్రుకలు తెగుతున్నాయో లేదో చూసుకునేవాళ్ళం. అక్టోబరు వచ్చేసరికి నా ఎడమ ముంజేయి నున్నగా ఉండేది, ఆసుపత్రిలో నర్సులు అడిగేవారు.

మా రాష్ట్రంలో విల్లు వేటకు 1951 నుంచే ప్రత్యేక కాలం ఉన్నది గానీ ఆదివారం వేట నిషేధంగా ఉండేది. 2019లో చట్టం మారి, మరుసటి ఏడాది నుంచి మూడు ఆదివారాలకు అనుమతి వచ్చింది. అప్పటిదాకా ఉద్యోగస్థులకు శనివారం ఒక్కటే దిక్కు. ఆ శనివారం వాన పడితే ఇంట్లో కూర్చుని ఈకలు అతికించుకోవడమే.

కొత్త_బాణం
పంతులు గారూ, 2117 అంటే ఏమిటి? అంగుళాలా, గ్రాములా?

పెన్సిల్వేనియా_పంతులు
మొదటి రెండు అంకెలు గొట్టం వ్యాసం: అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 21. తరువాతి రెండు గోడ మందం: అంగుళంలో వెయ్యో వంతులు 17. లావు, మందం కలిసి బాణం ఎంత వంగుతుందో నిర్ణయిస్తాయి. నారి వదలగానే బాణం తిన్నగా పోదు, విల్లు పిడిని చుట్టి పాములా వంగి, ఆ తరువాత నిటారవుతుంది. విల్లు బలానికి తగినంత వంగని బాణం ఒక పక్కకు, ఎక్కువ వంగేది మరొక పక్కకు పోతుంది. మీ కుర్రవాడు కాగితం చించి చూసినది దానినే.

లెక్కల_మాస్టారు
15 గజాల నియమం వెనుక ఒక లెక్క ఉన్నది, అది ఇక్కడ ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. ఆ కాలపు విల్లు బాణాన్ని సెకనుకు సుమారు 180 అడుగుల వేగంతో పంపేదనుకుందాం. 20 గజాలు, అంటే 60 అడుగులు దాటడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి మోత మాత్రం సెకనుకు 1100 అడుగుల వేగంతో సెకనులో ఇరవయ్యో వంతుకే జింక చెవిన పడుతుంది. మిగిలిన కాలంలో బెదిరిన జింక పరుగెత్తడానికి ముందు కాళ్ళు ముడుచుకుని కిందికి కుంగుతుంది. గుండెకు వేసిన బాణం వీపు మీదుగా పోవడానికి కారణం అదే. 300 అడుగుల వేగమున్న ఇప్పటి విల్లుతో కూడా అది పూర్తిగా తీరే చిక్కు కాదు. 40 గజాలకు వెళ్ళేసరికి ఆ బాణానికీ సెకనులో 40 శాతం పడుతుంది, మోత చెవిన పడ్డాక కూడా మళ్ళీ సుమారు 29 శాతం జింక చేతిలో ఉంటుంది.

నారిమోత
నా పేరు మీద ఇంత శాస్త్రం ఉన్నదని తెలియదు. కృతజ్ఞతలు మాస్టారూ.

విస్కాన్సిన్_విశ్వం
ఇంతవరకు వచ్చిన టపాలన్నీ చదివాను. నేను 1979 నుంచి వేటాడుతున్నాను. ఆధునిక కాలంలో విల్లుతో జింకల వేటకు మొదట కాలం కేటాయించిన రాష్ట్రం మాదే, 1934లో. ఆ గర్వం నాకూ ఉన్నది. కానీ పాత రోజుల గురించి ఇలా తియ్యగా మాట్లాడుకునేటప్పుడు కొన్ని విషయాలు జారిపోతున్నాయి.

అప్పుడు చాలామందికి మావయ్య గారి ఎక్స్‌రే పెద్దాయన లేరు. ఆగస్టు చివర విల్లు కొని, పెరట్లో చదునైన నేల మీద నిలబడి నాలుగు బాణాలు వేసి, అక్టోబరులో చెట్టెక్కిన వారే ఎక్కువ. మంచె మీద నుంచి కిందికి వేస్తే బాణం ఎక్కడ పడుతుందో వారికి తెలియదు. సాన పట్టని మొనలు, వంగిన గొట్టాలు, కంటితో వేసిన దూరపు అంచనాలు. గాయపడి దొరకకుండా పోయిన జింకల గురించి ఎవరూ శీతాకాలపు విందులలో చెప్పుకోరు.

మంచెల సంగతి మరీ ఘోరం. చెట్టు మొదలును కరుచుకుని మనిషితోపాటు పైకి జరిగే మంచెలు అప్పుడు కొత్త. మా కార్యాలయంలో పనిచేసిన ఒకాయన మంచు పట్టిన బెరడు మీద ఇరవై అడుగుల ఎత్తు నుంచి మంచెతో సహా జారి కటి ఎముక విరగ్గొట్టుకున్నారు. భుజాలకు, తొడలకు పట్టీలు ఉండే రక్షణ కవచం అప్పుడు మా ఎవరి దగ్గరా లేదు. ఉన్నవారికి నడుముకు ఒక పట్టీ, అది పడినప్పుడు ఊపిరి ఆడకుండా బిగుసుకుంటుంది. కొత్త_బాణం గారు కొన్న విల్లు తిన్నగా వేస్తుంది, ఆయన ఎక్కే మంచెకు కవచం ఉంటుంది. ఇందులో తక్కువ చేయవలసినది నాకేమీ కనిపించదు.

మిషిగన్_మావయ్య
మంచెల విషయంలో విశ్వం గారితో వాదించేది ఏమీ లేదు. అలాంటి నడుములు, కాలర్ ఎముకలు నేను ఆసుపత్రిలో ప్రతి శరదృతువులోనూ చూశాను. అయితే గాయపడిన జింకల లెక్కను పాత విల్లు ఖాతాలోనే వ్రాయడం నాకు సమ్మతం కాదు. నా విల్లు 15 గజాల దగ్గర నన్ను ఆపింది. ఇప్పటి విల్లుకు 60 గజాల పిన్ను ఉంటుంది, ఉన్న పిన్నును వాడకుండా ఉండటం మనుషులకు చేతకాదు. పెరట్లో 60 గజాల దూరాన గుడ్డును పగలగొట్టగలిగినవాడు బతికున్న జింక మీద అదే ప్రయత్నించబోతే మాస్టారి లెక్కను ఎవరైనా చెప్పాలి కదా.

విస్కాన్సిన్_విశ్వం
చెప్పాలి. నేను చెబుతూనే ఉన్నాను, మా అబ్బాయి వినడం లేదు.

కత్తి_డాక్టరు
ఇక్కడ వైద్యులు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఒక మాట. అమెరికాలో ఈ వేట మళ్ళీ ఊపిరి పోసుకోవడానికి కారకులలో ఒకరు శాక్స్టన్ పోప్ అనే శస్త్రవైద్యుడు. యాహీ అనే ఆదివాసి తెగలో చివరివాడుగా మిగిలిన ఇషీ 1911లో కాలిఫోర్నియాలో బయటి ప్రపంచానికి కనిపించాడు. అతనికి వైద్యం చేస్తూ పోప్ అతని దగ్గర విల్లు చేయడం, బాణం చెక్కడం, జింకను పిలవడం నేర్చుకున్నాడు. 1916లో ఇషీ క్షయతో మరణించాడు. పోప్‌తో పాటు వేటాడిన ఆర్థర్ యంగ్ చిత్రప్రదర్శన చూసి విల్లు పట్టినవాడే తరువాత విళ్ళ కర్మాగారం పెట్టిన ఫ్రెడ్ బేర్. విల్లు వేటగాళ్ళ రికార్డులు ఉంచే క్లబ్ 1961లో ఏర్పడితే దానికి పోప్, యంగ్ ఇద్దరి పేర్లూ పెట్టారు. మావయ్య గారు ఎక్స్‌రే విభాగంలో నేర్చుకున్నారంటే సంప్రదాయం తప్పలేదన్నమాట.

మిషిగన్_మావయ్య
ఫ్రెడ్ బేర్ కర్మాగారం మాకు దగ్గరలోని గ్రేలింగ్‌లోనే ఉండేది. అక్కడ సమ్మె జరిగాక 1978లో ఫ్లారిడాకు తరలించారు. అది పోయిన తరువాత ఊళ్ళోని దుకాణంలో మిగిలిపోయిన నారులు, వేలి తొడుగులు తక్కువ ధరకు అమ్మితే నేను కొని దాచుకున్నవి ఇంకా ఉన్నాయి. ఆయన 1988లో పోయినప్పుడు మా ఆసుపత్రిలో సగం మంది ఇంటి మనిషి పోయినట్టు మాట్లాడుకున్నారు.

నల్లమల_నడక
నేను అమెరికాలో లేను, ఆత్మకూరు వైపు వాడిని, మీ సంభాషణ ఆసక్తిగా చదువుతున్నాను. మీరు పెద్దయ్యాక గురువును వెతుక్కుని నేర్చుకున్నది మా దగ్గర చెంచు పిల్లలు ఒకప్పుడు నడక వచ్చిన కొత్తలోనే ఆటగా నేర్చుకునేవారు. వెదురు విల్లుతో ముందు తొండలు, ఉడతలు, ఆ తరువాత పక్షులు. పెద్దవారి వెంట అడవికి వెళ్ళేది ఆ తరువాతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం పులుల ప్రాజెక్టులో చేరాక, ఆ చదువు ఆగిపోయింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, దుంపలు, గింజలు సేకరించుకునే హక్కు ఇచ్చింది గానీ వేటను స్పష్టంగా మినహాయించింది. ఇప్పుడు చెంచులలో కొందరు అటవీ శాఖలో పులుల జాడలు గుర్తించే పనిలో ఉన్నారు. ఎండుటాకు మీద అడుగు పడిన తీరు చూసి జంతువు ఎంతసేపటి క్రితం వెళ్ళిందో చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. వారి మనవలకు ఆ చూపు లేదు.

ఒక మనవి. ఈ చర్చ చదివి ఇక్కడ ఎవరూ విల్లు పట్టుకుని అడవిలోకి వెళ్ళవద్దు. మన దేశంలో సరదా వేటకు లైసెన్సు అనేది లేదు, జైలు ఉన్నది.

పెన్సిల్వేనియా_పంతులు
నల్లమల_నడక గారూ, గాలి ఎటు వీస్తున్నదో మీ పెద్దలు ఎలా చూస్తారో తెలుసుకోవాలని ఉన్నది. నేను విల్లు కింది కొసకు కుట్టుపని దారపు పోగు ఒకటి కట్టేవాడిని. అది నా వెనక్కు ఎగురుతున్నంతసేపు కూర్చోవడం, జింకల బాట వైపు తిరగగానే మంచె దిగి ఇంటికి పోవడం. ఎంత పొద్దున లేచి వచ్చినా సరే.

నల్లమల_నడక
పిడికెడు మెత్తటి దుమ్ము తీసి వేళ్ళ సందుల నుంచి జారవిడుస్తారు. దారం కొనవలసిన పని లేదు.

కృష్ణలంక_విలుకాడు
నేను వేటగాడిని కాను, విజయవాడలో గురి విలువిద్య సాధన చేసినవాడిని. అయినా మీ వాదనలో నాకు ఒక వాటా ఉన్నది. పంతులు గారు చెప్పిన ఆలెన్ స్వయంగా విల్లుతో జింకల వేట చేసే మనిషి. వేటకోసం పుట్టిన ఆ చక్రాల విల్లుతోనే మా ఊరి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకాలు సాధించింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ కూడా చేరింది. చక్రాలు పెట్టగానే విద్య పోయిందనడం సరికాదు. మా దగ్గర కొత్త పిల్లలకు కూడా మొదట గురి గీసిన అట్ట లేని ఖాళీ గడ్డి దిమ్మ మీదే, రెండు మూడు గజాల నుంచి బాణాలు వేయిస్తారు. అంటే మావయ్య గారి గురువు చెప్పిన పాఠం చక్రాలున్నా లేకపోయినా ఒకటే.

కొత్త_బాణం గారు దుకాణంలో సరిచేయించుకున్నది విల్లును మాత్రమే. వీపును సరిచేసే దుకాణం లేదు.

కొత్త_బాణం
అర్థమయింది. రేపటి నుంచి మూడు గజాలు. ఇంకొక సందేహం: తొలి రోజులలో మీకు అన్నిటికన్నా కష్టమనిపించినది ఏమిటి? బాణం వేయడమా, జింకను కనిపెట్టడమా?

విస్కాన్సిన్_విశ్వం
బాణం తగిలిన తరువాతి పని. దాని గురించి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు, ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను.

తుపాకీ దెబ్బకు జింక చాలాసార్లు ఉన్నచోటే పడుతుంది. బాణం తగిలిన జింక పరుగెడుతుంది, ఒక్కోసారి ఏమీ జరగనట్టు నడిచిపోతుంది. మొదట చేయవలసినది కదలకుండా కూర్చోవడం, అదే అందరికీ చేతకానిది. ఆ తరువాత దిగి బాణాన్ని వెతకాలి. ఈకల మీద నురుగులాంటి లేత ఎరుపు రక్తం, అందులో చిన్న బుడగలు ఉంటే ఊపిరితిత్తులు తెగినట్టు. అరగంట ఆగి వెళితే దగ్గరలోనే దొరుకుతుంది. ముదురు ఎరుపు అయితే కాలేయం కావచ్చు, కొన్ని గంటలు ఆగాలి. గొట్టానికి పచ్చటి పసరు అంటి, వాసన వస్తుంటే కడుపులో తగిలింది. ఆ రాత్రికి ఇంటికి వెళ్ళి మర్నాడు రావాలి. వెంటపడితే పడుకున్న జింక లేచి మైళ్ళు పోతుంది.

ఇప్పటివారికి తలకు కట్టుకునే దీపాలు, రక్తపు జాడ పట్టే కుక్కలను తెచ్చే మనుషులు ఉన్నారు. మేము పెట్రోమాక్స్ లాంటి లాంతరు పట్టుకుని వంగి నడిచేవాళ్ళం. టార్చి వెలుగు కంటే ఆ తెల్లటి వెలుగులో ఆకు మీద రక్తం మెరిసి కనిపిస్తుంది. చుక్క దొరికిన ప్రతి చోటా మరుగుదొడ్డి కాగితపు ముక్క ఒకటి కొమ్మకు తగిలించేవాళ్ళం. జాడ తప్పితే వెనక్కు తిరిగి చూస్తే ఆ తెల్లటి ముక్కల వరుస జింక పోయిన దిక్కు చెబుతుంది. అడవిలో ఒకరు లాంతరుతో, ఇంకొకరు కాగితపు చుట్టతో నడుస్తుంటే చూసినవారు ఏమనుకునేవారో మీరే ఊహించుకోండి.

సరోజిని_అట్లాంటా
చూసినవారి సంగతి సరే, ఇంట్లో ఉన్నవారి సంగతి ఎవరూ వ్రాయలేదు. మా వారు 1981లో మొదటి జింకను ఇంటికి తెచ్చినప్పుడు నాకు కోడి కోయడం కూడా రాదు. అక్కడి పొరుగావిడ నేర్పిన ఒక్క విషయం మాత్రం ప్రాణం కాపాడింది: జింక మాంసం మీది తెల్ల కొవ్వును ఒక్క పొర కూడా ఉంచకూడదు. చల్లారగానే అది మైనంలా అంగిలికి అతుక్కుంటుంది. కొవ్వు తీసేశాక మిగిలేది ఒట్టి ఎర్రటి కండ, అది ఎక్కువసేపు వేగితే గట్టిపడుతుంది. రాత్రంతా పెరుగు, అల్లం, పసుపులో నానబెట్టి కుక్కరులో పెట్టేదాన్ని. ఆవకాయ పద్ధతిలో కాకుండా నూనెలో వేయించి మాంసం పచ్చడి పెట్టిన తరువాత మా వారి వేటకు నా అనుమతి శాశ్వతమయింది.

నారిమోత
సరోజిని గారూ, ఆ పచ్చడికి కొలతలు ప్రత్యేకంగా ఒక టపాలో పెట్టగలరు.

శాకాహారి_శర్మ
అడగకుండా ఉండలేకపోతున్నాను. ఆకలికి వేటాడిన చెంచులను నిలిపివేసి, ఆకలి లేని వైద్యులు, ఇంజనీర్లు వేటాడటాన్ని మనం విద్య అంటున్నాము. ఇది మీకెవరికీ ఎబ్బెట్టుగా లేదా?

విస్కాన్సిన్_విశ్వం
మొదటి సగం ఎబ్బెట్టుగానే ఉన్నది, దానికి నా దగ్గర జవాబు లేదు. రెండవ సగానికి కొంత ఉన్నది. ఇక్కడ తోడేళ్ళు చాలా చోట్ల లేకుండా పోయాక జింకలు పెరిగి పొలాల మీద, రోడ్ల మీద పడుతున్నాయి. ఎన్ని చంపవచ్చో రాష్ట్రం ఏటా నిర్ణయిస్తుంది. 1937 నాటి సమాఖ్య చట్టం వన్యప్రాణుల కోసం కేటాయించిన తుపాకుల సుంకాన్ని 1972లో విలువిద్య సామగ్రికీ వర్తింపజేశారు, 11 శాతం. ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళుతుంది. ఇంత చెప్పినా నేను వేటకు వెళ్ళేది సుంకం కట్టడానికి కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

హెచ్‌వన్‌బీ_హనుమంతు
నాలాంటివారు విల్లుతో మొదలుపెట్టడానికి ఇంకొక కారణం ఉన్నది. తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం మీద 1998 నుంచి సమాఖ్య ఆంక్ష ఉన్నది. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు వస్తుంది గానీ, వీసా మీద ఉన్నవాడికి ఆ కాగితాలన్నీ చూసుకునే ధైర్యం ఉండదు. విల్లు చట్టం దృష్టిలో తుపాకీ కాదు. వేటగాళ్ళ భద్రతా తరగతి చదివి, లైసెన్సు తీసుకుంటే సరిపోతుంది. ఈ చర్చలో ఉన్న పెద్దలు అందరూ గ్రీన్ కార్డుతో వచ్చినవారు కాబట్టి ఈ చిక్కు వారికి తెలియకపోవచ్చు.

కత్తి_డాక్టరు
నిజమే, మాకు ఆ చిక్కు లేదు. మా చిక్కు వేరు: చెట్టు మీద ఉండగా పేజర్ మోగేది.

గరాజ్_తవ్వకం
చాలాకాలంగా చదువుతూ ఉన్నాను, ఇదే మొదటిసారి వ్రాయడం. మా నాన్నగారు డెట్రాయిట్ దగ్గర డెబ్బైలలో వాడిన రికర్వ్ విల్లు ఇల్లు సర్దుతుంటే బయటపడింది. నారి లేదు. పిడి దగ్గర "45 పౌండ్లు, 28 అంగుళాలు" అని, "ఏఎంఓ 60" అని ఉన్నది. నేను నారిని లాగే పొడవు 30 అంగుళాలు. కొత్త నారి కొని వేసి చూడవచ్చా?

మిషిగన్_మావయ్య
ఆగండి, ఇప్పుడే నారి కట్టవద్దు. ముందు పగటి వెలుగులో విల్లు రెండు కొమ్మలను, అంటే పిడికి పైనా కిందా వంగే భాగాలను, వేలి గోరుతో తడుముతూ చూడండి. ఫైబర్‌గ్లాస్ పొర మీద పొడవునా సన్నటి గీతలుంటే చాలావరకు భయం లేదు. అడ్డంగా గీత ఉన్నా, చెక్కకూ గ్లాసుకూ మధ్య గోరు దూరినా, ఆ విల్లును గోడకు తగిలించడమే. గరాజ్ వేడికి, కారు డిక్కీ వేడికి లోపలి జిగురు వదిలిన విళ్ళను చాలా చూశాను, లాగినప్పుడు అవి మొహం మీదే విరుగుతాయి.

పెన్సిల్వేనియా_పంతులు
మావయ్య గారు చెప్పిన పరీక్షలో నెగ్గితే, నారి కొంచెం సాగే డేక్రాన్ పోగుదే తీసుకోవాలి. ఇప్పటి సాగని నారులు ఆ కాలపు విల్లు కొసలను కోసేస్తాయి, వాటికి తగిన బలం కొసలలో ఉండదు. ఏఎంఓ 60 అంటే విళ్ళ తయారీదారుల సంఘం కొలత ప్రకారం 60 అంగుళాల విల్లు. దుకాణంలో "ఏఎంఓ 60 విల్లుకు" అని అడగండి. నారి అసలు పొడవు దానికంటే నాలుగు అంగుళాలు తక్కువగా, 56 దగ్గర ఉంటుంది. పిడి మీది 45 పౌండ్లు 28 అంగుళాలు లాగినప్పటి బరువు, మీరు 30 అంగుళాలు లాగితే అది 45 దగ్గర ఆగదు, అంగుళానికి రెండు మూడు పౌండ్లు పెరిగి 50కి చేరుతుంది. కాబట్టి బాణాలను ఆ లెక్కన ఎంచుకోండి.

మిషిగన్_మావయ్య
కాలు పెట్టి వంచి నారి ఎక్కించవద్దు, కొమ్మ మెలి తిరుగుతుంది. రెండు కొసలకు తొడిగే తాడు చవకగా దొరుకుతుంది, దానితో ఎక్కించండి. ఎక్కించాక పిడికీ నారికీ మధ్య ఏడున్నర, ఎనిమిది అంగుళాలు ఉండేలా నారిని మెలితిప్పి సరిచేసి, ఒక గంట అలాగే వదిలేయండి. బాణం లేకుండా నారిని లాగి వదలవద్దు, పిల్లలనూ వదలనివ్వవద్దు. కొమ్మల ఫోటోలు రెండు వైపులా తీసి ఇక్కడ పెడితే మేమంతా చూస్తాము.

గరాజ్_తవ్వకం
అడ్డంగా గీతలు లేవు. కింది కొస కొంచెం పక్కకు తిరిగినట్టు ఉన్నది. ఫోటోలు సాయంత్రం పెడతాను.

మిషిగన్_మావయ్య
కొంచెం తిరగడం సరిచేయవచ్చు. గోరువెచ్చని నీళ్ళలో ఆ కొమ్మను కాసేపు ఉంచి, ఎదురు వైపుకు మెల్లగా తిప్పి పట్టుకుని, అలాగే చల్లని నీళ్ళతో చల్లార్చాలి. మరిగే నీళ్ళు మాత్రం వద్దు. ఫోటోలు చూశాక ఎంత తిప్పాలో చెబుతాను.